వినోదోద్యోగ పర్వం

తొలి మొక్కు విఘ్నేశ్వరుడికి. పెద్ద రైడ్ల దగ్గర ఎత్తు కొలుస్తారు కనక ఆయన వాహనాన్ని ఎక్కనివ్వరేమో, ఆ సంగతి ఆయనే చూసుకుంటాడు. మలి మొక్కు సరస్వతికి. ఆ తరవాతది ఈ కథ యావత్తూ ఎవరి కడుపులో జరిగిందో ఆ వాట్సాప్ గ్రూపుకి. కుకవి నింద మానేస్తున్నాను, మా ఆడపడుచుగారి ఆయన కూడా పద్యాలు రాస్తారు.

ఖమ్మం జిల్లా బడుల్లో ముప్పై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలుండాలని ఎన్ని బ్యాచ్‌లచేత వల్లె వేయించానో లెక్కలేదు. ఆ పద్దెనిమిదిలో నా జీవితానికి వివాహం, కుమారోదయం అయిపోయాయి. కొన్ని ఈ వయసులో అడిగితే బాగోదు. సలిలక్రీడ మాత్రం బాకీ ఉండిపోయింది.

అందుకని ఒకనాటి రాత్రి, భోజనాలయ్యాక, పోపు వాసన ఇంకా వదలని చూపుడువేలితో గ్రూపులో ఇలా పెట్టాను: “మనమంతా కలిసి ఒక్క రోజు హైదరాబాదు వండర్‌లా పార్కుకి వెళ్దాం.”

పెట్టిన పావుగంటకి టిక్కులు రెండూ నీలం తిరిగాయి. గ్రూపులో అందరూ చదివితేగానీ అవి నీలం తిరగవు. ఆ నీలిమని ఏమని వర్ణించను! నెమలి మెడ అందామంటే దానికి కేక ఉంది, కాళింది మడుగు అందామంటే దాంట్లో కనీసం పామైనా కదిలింది. ఇక్కడ కదలిక లేదు. మా ఆయన నా పక్కనే సోఫాలో కూర్చుని, ఫోను బోర్లించి, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడు రెక్కల ఫ్యాను, పది నిమిషాలు పట్టింది.

తెల్లారాక వదినగారి దగ్గర్నుంచి గులాబీపువ్వుల మీద “శుభోదయం” వచ్చింది. మా అబ్బాయి ఒక బొటనవేలు పంపాడు. అది నా మాటకో, గులాబీలకో తేలలేదు.

సైన్యం సంగతి చెప్పాలి కదా. నాతో కలిపి ఏడుగురం. బ్యాంకులో చేసి రిటైరైన మా ఆయన, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ అబ్బాయి, బెంగళూరులో అమ్మాయీ అల్లుడూ, ఇదే ఊళ్ళో ఉండే వదినా అన్నయ్యగారూ. వీళ్ళలో పిల్లలెవరూ లేరు, అందరికీ పాన్ కార్డులున్నాయి. మనవలు ఇంకా పుట్టలేదు. “పుట్టాక వెళ్దువుగాని అత్తయ్యా” అని అల్లుడు ఎంతో మర్యాదగా అన్నాడు. పుట్టాక మళ్ళీ నేను సంచులే మొయ్యాలి నాయనా అని మనసులో అనుకుని, పైకి “సరే బాబూ” అన్నాను.

ఇంతలో అమ్మాయి ఒక పొరపాటు చేసింది. పార్కుల్లో రాసి ఉండే హెచ్చరిక ఒకటి ఫొటో తీసినది గ్రూపులో పెట్టింది: రక్తపోటు, గుండె జబ్బు, మెడ నడుము నొప్పులు ఉన్నవారు పెద్ద రైడ్లు ఎక్కరాదు. అంతే. అప్పటిదాకా నిరాయుధులై తిరుగుతున్న వీరులందరికీ ఒక్కసారిగా దివ్యాస్త్రాలు దొరికాయి.

మొట్టమొదట మా ఆయన బీపీ అస్త్రం సంధించారు. పద్నాలుగేళ్ళుగా అది 130కి 85 దాటింది లేదు. ఊరగాయ ముందు ఎన్నడూ గుర్తురాని ఆ బీపీ ఆ రోజు వెయ్యి సూర్యుల్లా వెలిగింది. దాని తోడుగా మందుల డబ్బా కూడా ప్రయోగించారు. ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా, ఒక్కో గది మూత మీద ఒక్కో వారం పేరు, శుక్రవారం మూత విరిగితే దానికి బిళ్ళగోచీలా కట్టిన రబ్బరు బ్యాండు. దాన్ని టీపాయ్ మీద గాండీవం పెట్టినట్టు పెట్టి, “చూశావుగా” అన్నారు. వదినగారిది కళ్ళుతిరుగుడు అస్త్రం. ఆవిడ మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి రోజూ ఎక్కి దిగుతారు, పిట్టగోడ మీంచి వంగి పక్కింటావిడతో మాట్లాడతారు, అప్పుడు తిరగవు. అల్లుడిది మెడ. లాప్‌టాప్ ముందు వంగి వంగి సంపాదించుకున్న మెడ, సందేహం లేదు, కానీ సినిమాహాల్లో మొదటి వరసలో మూడు గంటలు పైకి చూడగలిగిన మెడ కూడా అదే. అమ్మాయికి తలనొప్పి. అబ్బాయికి ఏ జబ్బూ దొరక్క “ఆఫీసు” అన్నాడు.

ఒక్క అన్నయ్యగారు మాత్రం నేను రెడీ అన్నారు. “నేనుంటే మీకెందుకమ్మా భయం! ఆ రోలర్ కోస్టర్ ఎంతటిది!” అని ఆయన గర్జించేసరికి వెనకాడేవాళ్ళు ఇంకో రెండడుగులు వెనక్కి వేశారు. ఉద్యోగపర్వంలో రుక్మి ఇలాగే గొప్పలు పోతూ వచ్చి, ఇటు పాండవులకీ అటు కౌరవులకీ అక్కర్లేకుండా పోయాడు. కారులో ఆయన గురక విన్నవాళ్ళెవరూ వ్యాసుడి తీర్పుని తప్పుపట్టరు.

తరవాత స్థలం మీద వాదం. ఆ ముక్క త్వరగా దాటేస్తాను. మా ఆయన ఫిలింసిటీ అన్నారు: 1996లో పెట్టింది, ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్ళే రాసుకున్నారు, బాహుబలి సెట్టు కూడా ఉంది, ముఖ్యంగా బస్సెక్కించి తిప్పుతారు, కూర్చుని చూడొచ్చు. ఆ చివరి మాటలోనే ఆయన హృదయమంతా ఉంది. పైగా మన దారిలోనే, విజయవాడ రోడ్డు మీద, పెద్ద అంబర్‌పేట రాకముందే తగులుతుంది. నేను ససేమిరా అన్నాను. మాహిష్మతిని చూసి వస్తే నాకేం ఒరుగుతుంది, నాకు తల్లకిందులు కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి రావిర్యాలలో ఉన్న వండర్‌లాకే వెళ్ళాల్సిందే.

తల్లకిందుల గురించి అబ్బాయి నన్ను భయపెట్టబోయాడు. “అక్కడ రీకాయిల్ అని ఒకటుందమ్మా. ముందుకి గింగిరాలు తిప్పి, చివరిదాకా వెళ్ళాక, అదే దారిన వెనక్కి గింగిరాలు తిప్పుకుంటూ తెస్తుంది. దానికి ఇంజనుండదు. రెండు చివర్లా పైకి లాగి వదిలేస్తారు, మిగతాదంతా భూమ్యాకర్షణే.”

“వదిలేస్తారా?” అన్నారు మా ఆయన. ఆ ఒక్క మాటలో ఆయన ముప్పై ఆరేళ్ళ బ్యాంకు సర్వీసూ పలికింది. హామీ లేకుండా ఏదీ వదలని మనిషి.

వాడు ఊరుకోక చరిత్ర విప్పాడు. 1884లో న్యూయార్క్ పక్కన కోనీ ఐలాండ్‌లో థామ్సన్ అనే ఆయన ఇలాంటి రైలు పెడితే, టికెట్టు ఐదు సెంట్లు, వేగం గంటకి ఆరు మైళ్ళు. మా వీధిలో కూరగాయల ఆటో అంతకంటే జోరుగా పోతుంది. అక్కడే 1895లో నిండు గుండ్రంగా చుట్టు పెట్టి తిప్పితే జనానికి మెడలు పట్టేశాయట. అందుకే ఇప్పటి చుట్లు గుండ్రంగా ఉండవు, నీటిబొట్టుని నిలబెట్టినట్టు ఉంటాయి. వాడు భయానికి చెప్పాడు, నాకు ధైర్యం వచ్చింది. అల్లుడి మెడ గురించి ఎవరో నూట ముప్పై ఏళ్ళ కిందటి నుంచే ఆలోచిస్తున్నారన్నమాట.

ఇక రాయబారం. కృష్ణుడు ఐదూళ్ళు అడిగాడు, నేను ఒక్క రోజు అడిగాను. దానికీ తిథులు. రెండో శనివారం అంటే రద్దీ. ఆదివారం అంటే అల్లుడికి ఆఫీసులో రిలీజ్; యుద్ధం ముందు తీర్థయాత్రలు గుర్తొచ్చిన బలరాముడు గుర్తొచ్చాడు నాకు. మంగళవారం అంటే వదినగారు చెవులు మూసుకున్నారు, మంగళవారంనాడు ఆవిడ పక్క వీధిలో పేరంటానికి కూడా వెళ్ళరు. బుధవారం దగ్గర అందరి అభ్యంతరాలూ అలిసిపోయి ఒకదానిమీద ఒకటి పడుకున్నాయి.

ఆ రాత్రి మా ఆయన, “ఇంతకీ నీకెందుకే ఈ సరదా, ఈ వయసులో?” అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

నేను డిస్నీ కథ చెప్పాను. లాస్ ఏంజిలిస్ గ్రిఫిత్ పార్కులో కూతుళ్ళు రంగులరాట్నం తిరుగుతుంటే, వాల్ట్ డిస్నీ బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ, పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటొకటి ఎందుకు లేదూ అనుకున్నాడట. ఆయన చెప్పుకున్నదే ఇది. 1955లో డిస్నీలాండ్ తెరిచాడు. బెంచీ మీద తండ్రి కూర్చున్నాడు కాబట్టి తట్టింది. తల్లయితే తట్టేది కాదు, ఆవిడ సంచులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

“నాంపల్లి ఎగ్జిబిషన్ గుర్తుందా?” అన్నాను.

ఉంది ఆయనకి. జనవరి చలి, దుమ్ము, మిర్చిబజ్జీల నూనె వాసన. జైంట్ వీల్ కింద నేను. పిల్లలిద్దరినీ చెరో పక్కనా పెట్టుకుని ఆయన పైకి పోతున్నారు. నా ఎడమ భుజానికి స్వెటర్ల సంచి, కుడి చేతిలో నీళ్ళ సీసా, అబ్బాయి ఊడదీసి ఇచ్చిన చెప్పులు, అమ్మాయి సగం కొరికిన మొక్కజొన్న కంకి. పైకి చూస్తే ముగ్గురివీ అరికాళ్ళే కనబడ్డాయి. దిగాక అమ్మాయి, “అమ్మా, పైనుంచి నువ్వు చీమలా ఉన్నావు” అంది.

ఆయన ఏమీ అనలేదు. లేచి వెళ్ళి లైటు ఆర్పారు. మర్నాడు పొద్దున గ్రూపులో ఒక ముక్క కనబడింది: “బుధవారం ఖాయం. టికెట్లు నేను తీస్తాను.” బ్యాంకు మనిషి సంతకం పెట్టాక ఎవరికి మాత్రం అడ్డుచెప్పే వీలుంది?

అయినా రెండు చిన్న యుద్ధాలు జరిగాయి. మొదటిది పులిహోర. బయటి తిండి లోపలికి రానివ్వరని తెలిసి వదినగారు ధర్నాకి దిగినంత పని చేశారు. ఆవిడ పులిహోరంటే సామాన్యం కాదు: చింతపండు గుజ్జు నూనె పైకి తేలేదాకా ఉడికి, ఆవపిండి ఘాటు ముక్కుపుటాల వెనక ఎక్కడో తగిలి, పల్లీ ప్రతి ముద్దలోనూ ఒక్కటైనా కరకరమనాలి. అడుగున అరిటాకు పరిచిన అయిదు శేర్ల స్టీలు డబ్బా, దాని మూతకి ఒక గట్టి గుడ్డ మూట. చివరికి సంధి కుదిరింది. చౌటుప్పల్ దాటాక చెట్టు కింద కారు ఆపి, డబ్బా అక్కడే ఖాళీ చెయ్యాలి. ఖాళీ డబ్బా డిక్కీలో ఉండాలి. రెండోది బట్టలు. నీళ్ళ ఆటల్లోకి నూలు బట్టలు కుదరవు, పోగులు ఊడి ఫిల్టర్లకి అడ్డం పడతాయట, నైలాన్ వేసుకోవాలి. చేనేత లుంగీ తప్ప ఎరగని అన్నయ్యగారి గర్జన అక్కడ ఆగిపోయింది. నేనైతే అమ్మాయితో బజారుకెళ్ళి ముదురు నీలం రంగు సూటు కొనుక్కున్నాను, మోకాళ్ళ దాకా ఉంది, జేబులో చిల్లరకి జిప్పు కూడా ఉంది.

ముందురోజు రాత్రి అందరూ మా ఇంటికి చేరారు. అబ్బాయి వంటింటి గుమ్మం దగ్గర నుంచుని, “అమ్మా, ఇటు రా, ఎత్తు చూద్దాం” అన్నాడు. ఆ గుమ్మానికి ఇంకా వాళ్ళిద్దరి గీతలున్నాయి, పెన్సిలుతో, పక్కన తేదీలు నా చేతిరాతలో. రెండుసార్లు రంగులేయించినప్పుడు కూడా ఆ జానెడు మేర వదిలేయించాను. మడమలు ఆనించి నిలబడ్డాను. వాడు నా తల మీద స్కేలు పెట్టి గీత గీశాడు. 147 సెంటీమీటర్లు. అమ్మాయి ఎనిమిదో తరగతి గీతకి ఒక వేలు కింద.

“సరిపోతావులే” అన్నాడు, తేదీ వేస్తూ.

తెల్లవారుజాము నాలుగున్నర. ఆకాశంలో ఇంకా శుక్రుడున్నాడు, వదినగారి చేతిలో డబ్బా ఉంది. అమృతాంజనం సీసా ఎవరు పెట్టుకున్నారని నాలుగు గొంతులు ఒకేసారి అడిగాయి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో తయారుచేసిన ఆ పసుపు మహౌషధం లేకుండా ఆంధ్రదేశంలో ఏ సైన్యమూ కదల్లేదు. నాలుగు సీసాలు బయటికొచ్చాయి. నాలుగు అస్త్రాలూ అబద్ధమే అయినా మందులు మాత్రం నిజం.

మా ఆయన చివరిగా వచ్చారు. తలకి మఫ్లరు, చంకలో మడత కుర్చీ, జేబులో పేపర్లోంచి కత్తిరించిన పదకేళి. చేతిలో ఖాళీ బిగ్ షాపర్ ఒకటి, పెద్దది.

“అది ఎందుకండీ?” అన్నాను.

“చెప్పులకి” అన్నారు, డిక్కీ తెరుస్తూ. “ఏడు జతలు పట్టాలిగా.”

“ఆరేగా? మీవి మీ కాళ్ళకే ఉంటాయిగా.”

ఆయన ఒక్క క్షణం ఆగారు. బిగ్ షాపర్ని ఒకసారి, చుక్కల వైపు ఒకసారి చూశారు.

“ఆ చిన్న పడవ లాంటిదేదో ఉందటగా, పిల్లలెక్కేది. అదొక్కటీ చూద్దాంలే” అన్నారు.