ఎర్రజొన్న చేలో ఒక సీడీ ఆత్మకథ

నన్ను చూసి చిలుకలు బెదరాలట. ఆర్మూరు పక్క పల్లెలో ఎర్రజొన్న కంకి పాలు పట్టగానే నాకు సుతిలి కట్టి, చేను నడుమ కర్రకు వేలాడదీశారు. ఎండకు మెరవాలి, గాలికి తిరగాలి. నాలో ఏముందో తెలిసినవాళ్లెవరూ నాకీ ఉద్యోగం ఇవ్వరు.

నా పేరు 'ది బిలీవర్'. 1999లో యూరప్ కచేరీల్లో రికార్డయి, 2000లో విడుదలయ్యాను. వాయించింది నలుగురు: గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, కంజీర, ఘటం సెల్వగణేశ్, మాండొలిన్ మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్. బృందం పేరు రిమెంబర్ శక్తి. నన్ను ఫ్రీ జాజ్ అనకండి. అక్కడ రాగం, తాళం అన్న కట్టుబాటే ఉండనక్కర్లేదు. నాలో రెండూ ఉన్నాయి. వాటి లోపలే నలుగురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ అప్పటికప్పుడు అల్లుకుపోతారు.

దుబాయికి కూలికి పోయిన ఒకాయన అట్ట మీద శ్రీనివాస్ పేరు చూసి, త్యాగరాజ కీర్తనలనుకుని నన్ను కొన్నాడు. ఇంటికొచ్చి పెట్టాడు. పక్కన కూచున్న బావమరిది కాసేపు ఓపిక పట్టి, "ఇదేం పాట బావా, మాటలే లేవు?" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా బతుకు తేలిపోయింది. బావమరిది పనిచేసే పసుపు అడ్తి దుకాణానికి చేరాను.

సీజనులో ఆ దుకాణం చూడాలి! కొమ్ము ఒకవైపు, మండ ఒకవైపు, బస్తా కదిపితే లేచే పసుపు దుమ్ము. ఆ దుమ్ము పరవాలేదు, తుడిస్తే పోతుంది. నా మీద చాయ్ గ్లాసు పెట్టారు, అదీ ఓర్చుకున్నాను. కానీ ఒకడు నా పైవైపు బాల్‌పెన్నుతో నొక్కి నొక్కి ఎవరిదో ఫోన్ నంబరు రాశాడు. అందరూ మెరిసే అడుగుభాగాన్నే జాగ్రత్తగా పట్టుకుంటారు. అడుగున మందంగా ప్లాస్టిక్ ఉంటుంది, చిన్న గీతలను తట్టుకుంటుంది. పాటను పట్టుకున్న అల్యూమినియం పొర మాత్రం పైన, పేరు అచ్చువేసిన రంగు కిందే ఉంటుంది. పెన్ను దిగింది అక్కడ. ఐదో పాట అప్పటినుంచి నత్తి పడుతోంది. చివరికి ఆ దుకాణం నుంచి ఈ చేనుకు చేరాను.

నా గోడు అటుంచండి, ఆ మాండొలిన్ వాద్యకారుడి సంగతి వినండి. ఆయన 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. సరిగ్గా పది రోజుల ముందు న్యూయార్క్‌లో మెక్‌లాఫ్లిన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ పక్కన కూర్చుని 'ఇన్ ఎ సైలెంట్ వే' ఆల్బమ్ రికార్డు చేస్తున్నాడు. శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు వాయించేవాడు. నా లెక్కలో ఆ మాండొలిన్ పాడినట్టు వినిపించడానికి కారణం అదే. జంట తీగెలు మాని ఐదు ఒంటి తీగెల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, గమకాలు పలికించాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. అంటే పేరు కోసం నా అవసరం ఆయనకు లేదు.

మరి నేనెందుకు? నా మూడో పాట 'లోటస్ ఫీట్' వింటే తెలుస్తుంది. అది మెక్‌లాఫ్లిన్ పాత శక్తి బృందం 1970లలో ఎల్. శంకర్ వయొలిన్‌తో వాయించిన పాట. పాతికేళ్ల నాటి ఆ చోటులో ముప్ఫై ఏళ్ల శ్రీనివాస్ కూర్చున్నాడు. వయొలిన్ లేని లోటు తెలియనివ్వడు, వయొలిన్‌ను అనుకరించడు. కర్ణాటక కచేరీలో ఆయనే ప్రధానం, మిగతావాళ్లు పక్కవాద్యం. ఇక్కడ నలుగురూ సమానం, ఆగి వినడం కూడా వాయించడంలో భాగం. ఆయన బాలమేధావి అన్న బిరుదును దాటి ఎదిగింది నాలోనే అంటాను. గొప్పలనుకుంటే అనుకోండి. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయాడు, 45 ఏళ్లకే.

మీ అటక మీద నాలాంటివాళ్లుంటే, తాడు కట్టే ముందు ఒక్కసారి పెట్టి చూడండి. నన్నే పెడితే మూడో పాటతో మొదలుపెట్టండి, మొదటిది బాగా పొడుగు. మాటలు లేవని మాత్రం ఆపేయకండి.