అంబేడ్కర్ గారు అనుమతించిన హౌస్ అరెస్టు

మామిడి కాలం వచ్చిందంటే విజయవాడలో తోపుడుబండి ఎక్కిన ప్రతి పండూ నూజివీడు రసమే. ఆగిరిపల్లి నేల ఎరగనిదీ, ముసునూరు గాలి సోకనిదీ, ఎక్కడో కార్బైడు పొట్లం పక్కన రెండు రాత్రులు పడుకుని పసుపు తేలిందీ, అన్నిటి మీదా ఒకటే అట్టముక్క: నూజివీడు రసాలు. మన ప్రభుత్వాలకూ అలాంటి అట్టముక్క ఒకటి దొరికింది. దాని మీద 'రాజ్యాంగ నిర్మాతల ఆశయం' అని రాసి ఉంటుంది. తెల్లారకముందే ఒక మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, గేటు బయట పోలీసును కాపలా పెట్టి, ఇదేం పద్ధతని ఎవరైనా అడిగితే ఆ అట్టముక్క తీసి చూపిస్తారు. స్వేచ్ఛకు హద్దులుంటాయట. సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చని రాజ్యాంగమే చెప్పిందట. ఆ మహానుభావులు అన్నీ ఆలోచించే రాశారట. ఈ చివరి మాట మాత్రం అక్షరాలా నిజం. ఆలోచించే రాశారు. ఏం రాశారో ఒకసారి తెరిచి చూద్దామంటేనే మొహాలు మాడతాయి.

ముందు సరుకెలాంటిదో చూడాలి. 'చలో' అనే మాటతో ఏ కార్యక్రమం ప్రకటించినా, దాని ముందురోజు రాత్రి నూజివీడు లాంటి ఊళ్లలో కూడా కొన్ని ఇళ్ల ముందు కానిస్టేబుళ్లు ప్రత్యక్షమవుతారు. కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ ఆ ఇంటివాళ్లదే. పొద్దున్నే గ్లాసుడు టీ ఇచ్చేదీ ఆ ఇంటి ఇల్లాలే. 'మాదేముందండీ, పైనుంచి ఆర్డర్లు' అంటారు వాళ్లు, పాపం, నిజాయితీగానే. ఆ ఆర్డరు కాగితం చూపించమంటే ఉండదు. ఉంటే గింటే ఒక నోటీసు ఉంటుంది. పాత నేర ప్రక్రియా స్మృతిలో 149వ సెక్షన్, 2024 జులై నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో 168. ఫలానా చోటికి వెళ్తే శాంతిభద్రతలకు భంగం కనుక వెళ్లవద్దని అందులో ఉంటుంది. ఇంట్లోంచి కాలు బయట పెట్టనివ్వమని మాత్రం ఉండదు. మరి ఇది అరెస్టా? అరెస్టయితే 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు మెమో రాయాలి, వేళ వెయ్యాలి, సాక్షి సంతకం తీసుకోవాలి, బంధువులకు కబురు చెయ్యాలి. అబ్బే, అరెస్టు కాదండీ అంటారు. కాకపోతే బజారుకెళ్లి కూరగాయలు తెచ్చుకుంటానంటే ఆ ఒక్కటీ కుదరదంటారు. రేపు ఎవరైనా హైకోర్టుకు వెళ్తే, మేం నిర్బంధించలేదు, భద్రత కల్పించాం అని వినయంగా చెప్పుకోవచ్చు. ఇలా అరెస్టు కాని అరెస్టును, ఆర్డరు లేని ఆర్డరును కనిపెట్టిన మేధావి ఎవరో తెలియదు కానీ పద్మ పురస్కారానికి అర్హుడే.

ఇది ఒక పార్టీ సొత్తనుకుంటే అన్యాయం చేసినవాళ్లమవుతాం. 2017 జులైలో పాదయాత్రకు బయల్దేరబోయిన ముద్రగడ పద్మనాభాన్ని కిర్లంపూడిలో ఇంట్లోనే ఆపారు. అదే ఏడాది జనవరి 26న, సాక్షాత్తూ గణతంత్ర దినోత్సవం నాడు, ప్రత్యేక హోదా కోసం కొవ్వొత్తుల ప్రదర్శనకు వచ్చిన ప్రతిపక్ష నేత జగన్‌ను విశాఖ విమానాశ్రయం దాటనివ్వలేదు. ప్రభుత్వం మారింది. 2019 సెప్టెంబర్ 11న 'చలో ఆత్మకూరు' అన్న చంద్రబాబును ఉండవల్లి ఇంట్లో నిలిపేసి గేటుకు తాళ్లు కట్టారు. 2020 ఫిబ్రవరిలో విశాఖ విమానాశ్రయంలోనే ఆయనకు సెక్షన్ 151 నోటీసు చేతిలో పెట్టారు. విమానాశ్రయం మారలేదు, పాత్రధారులు మారారు. ఆ 151 ఎలా వర్తిస్తుందో చెప్పమని హైకోర్టు డీజీపీనే పిలిపించి అడిగింది. తెలంగాణలో 2018 డిసెంబర్ 4 తెల్లవారుజామున కొడంగల్‌లో రేవంత్ రెడ్డిని ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. 2024 సెప్టెంబర్‌లో, ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా, హరీశ్‌రావు తదితరులకు హౌస్ అరెస్టు. ఇటు 2025 జులైలో తోతాపురి ధర పడిపోయి చిత్తూరు రైతు గగ్గోలు పెడుతుంటే, బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు జగన్ వస్తానంటే, అయిదు వందల మందికి మించి రాకూడదని లెక్క కట్టారు. మామిడికాయలకు లెక్క చెప్పలేని యంత్రాంగం మనుషులకు మాత్రం చెప్పగలిగింది.

ఇప్పుడు పుస్తకం తెరుద్దాం. 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. మూడో క్లాజులో, ప్రజాశాంతి కోసం 'చట్టం ద్వారా' సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చంది. ఇవాళ పోలీసు ప్రెస్‌మీట్లలో మంత్రంలా వల్లించే ఆ 'సహేతుకమైన' అన్న మాట మొదటి ముసాయిదాలో లేదు. 1948 డిసెంబర్‌లో పండిట్ ఠాకూర్‌దాస్ భార్గవ పట్టుబట్టి చేర్పించాడు. ఎందుకు? ఆంక్ష సహేతుకమా కాదా అని కోర్టు తూచి చూడడానికి వీలుండాలని. అంటే పౌరుడి చేతికి ఇచ్చిన ఆయుధమది. డెబ్బై అయిదేళ్లలో అది చేతులు మారి లాఠీకి పిడి అయింది. ఈ పరిణామాన్ని ఊహించినవాడు కూడా ఆ సభలో ఒకడున్నాడు. కమ్యూనిస్టు సభ్యుడు సోమనాథ్ లాహిరి 1947 ఏప్రిల్‌లోనే, ఈ హక్కులు పోలీసు కానిస్టేబుల్ దృష్టితో రాసినట్టున్నాయని దెప్పాడు. మన ప్రభుత్వాలు ఆ దెప్పిపొడుపును ఆశీర్వచనంగా స్వీకరించాయి.

ఎదుటి పక్షం దగ్గర కూడా బలమైన సాక్ష్యం ఒకటుంది. దాన్ని దాచిపెట్టి గెలవడం గెలుపు కాదు. 1947 నాటి ముసాయిదాలో అమెరికా తరహా 'డ్యూ ప్రాసెస్' ఉండేది. అంటే చట్టం ఉంటే చాలదు, ఆ చట్టం న్యాయంగా ఉందా అని కూడా కోర్టు అడగవచ్చు. అందులోంచి ముందు ఆస్తిని తప్పించారు. ఆస్తి అక్కడుంటే కౌలు చట్టాలూ జమీందారీ రద్దు చట్టాలూ కోర్టు మెట్ల మీదే చస్తాయని గోవింద్ వల్లభ్ పంత్ వంటివారి భయం. ఆ భయం ఉత్తిది కాదు. మద్రాసు రాష్ట్రం జమీందారీ ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చిందీ 1948లోనే, నూజివీడు సీమ అప్పటికి జమీందారీల ఏలుబడిలో నలుగుతున్నదే. ఆ తర్వాత రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి, డ్యూ ప్రాసెస్ వద్దన్న అక్కడి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిసొచ్చాడు. డ్యూ ప్రాసెస్ పోయి, జపాన్ రాజ్యాంగం నుంచి 'చట్టం నిర్దేశించిన పద్ధతి' వచ్చి 21వ అధికరణంలో కూర్చుంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన మన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా దాన్ని సమర్థించినవాడే. విభజన రక్తపాతం కళ్లముందుంది, నల్లబజారు రాజ్యమేలుతోంది, ముందస్తు నిర్బంధం లేకుండా ప్రభుత్వం నడపలేమని రాష్ట్రాలు మొత్తుకుంటున్నాయి. కనుక నిర్మాతలు స్వేచ్ఛను కొంత కుదించారన్నది నిజమే. ఒప్పుకుందాం.

ఒప్పుకున్నాక కథ అక్కడ ఆగదు. 21ను చూసి జనం అసంతృప్తిగా ఉన్నారని, అరెస్టుల విషయంలో పార్లమెంటుకు పూర్తి పగ్గాలు ఇచ్చేసినట్టయిందని అంబేడ్కరే సభలో చెప్పాడు. ఆ లోటు పూడ్చడానికి 1949 సెప్టెంబర్ 15న ఒక కొత్త అధికరణం తెచ్చాడు. అదే ఇవాళ్టి 22. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. విచారణే లేకుండా ముందస్తుగా నిర్బంధించినా, అందరూ నల్లచట్టమని తిట్టే ఆ నిర్బంధానికి కూడా, దానికంటూ ఒక చట్టం ఉండాలి, ఉత్తర్వు ఉండాలి, కారణాలు రాసివ్వాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, మూడు నెలలు దాటితే హైకోర్టు జడ్జి స్థాయి మనుషుల సలహా బోర్డు సరేననాలి. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నెల రోజులకే వచ్చిన నిర్బంధ చట్టం కింద మద్రాసు జైల్లో ఉన్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ 1950లో సుప్రీంకోర్టుకెక్కి ఓడిపోయాడు. అయినా ఆ ఓటమిలో కూడా, నిర్బంధ కారణాలను కోర్టుకు సైతం చెప్పకూడదన్న 14వ సెక్షన్‌ను కోర్టు కొట్టేసింది. అంటే మన రాజ్యాంగ చరిత్రలో ప్రభుత్వానికి అత్యంత అనుకూలంగా వచ్చిన తీర్పుల్లో ఒకటి కూడా కాగితం చూపించమనే అంది. ప్లాస్టిక్ కుర్చీ దగ్గర లేనిది సరిగ్గా అదే కాగితం.

అందుకే నా కోరిక చాలా చిన్నది. ఉదారవాదుల స్వేచ్ఛ, 21వ అధికరణాన్ని విశాలంగా చదివిన మేనకాగాంధీ కేసు తర్వాతి విశాల హృదయం, ఇవేవీ అడగడం లేదు. నిర్మాతల మాట మీద నిజంగా అంత భక్తి ఉంటే వాళ్లు రాసిన నల్లచట్టాన్నే పూర్తిగా అమలు చెయ్యండి. కావాలంటే 1986 నాటి ఆంధ్రప్రదేశ్ ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం ఉండనే ఉంది. సారా వ్యాపారులు, బందిపోట్లు, గూండాలు, భూకబ్జాదారుల కోసం చేసింది. మామిడికి గిట్టుబాటు ధర అడగబోయిన రైతు సంఘం కార్యదర్శిని అందులో ఏ గడిలో వేస్తారో రాసి సంతకం పెట్టండి. పెట్టరు. ఎందుకంటే పెడితే మర్నాడు హైకోర్టులో నిలబడాలి. అదే చట్టాన్ని తెలంగాణలో వాడుతున్న తీరు మీద 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు ఎంత ఘాటుగా మాట్లాడిందో హోంశాఖలకు బాగా తెలుసు. చట్టబద్ధంగా బంధిస్తే ఇంత తలనొప్పి కనుక చట్టం లేకుండా బంధించడమే సుఖం. అన్నట్టు, ముందస్తు నిర్బంధం గడువును రెండు నెలలకు తగ్గిస్తూ 1978లో పార్లమెంటు 44వ సవరణ చేసింది. ఆ ఒక్క సెక్షన్‌ను అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ మాత్రం ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. ఆశయాల మీద గౌరవం అంటే అదీ.

ఇంటి ముందు పోలీసు కూర్చోవడం గురించి రాజమండ్రి మనిషి ఒకాయన రాసిపెట్టిన మాట కూడా ఉంది. ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ మనిషి మీద సాక్ష్యం లేక బందిపోటు కేసు పోయింది. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, అతని ఇంటి మీద నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపులు కొట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ అర్ధరాత్రి తలుపులు కొట్టడాన్ని మాత్రం తప్పంది. ఆ రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు, ఒప్పుకోలేదు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా వెనకాల చూపు వెంటాడుతుంటే ఆ నడక స్వేచ్ఛ కాదని, ఆ నిబంధన మొత్తం చెల్లదని, జస్టిస్ షాతో కలిసి వేరుగా రాశాడు. 2017లో గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఆయన దారికే వచ్చింది. అక్కడ పోలీసులు కనీసం సిగ్గుపడి చాటుగా నిఘా వేశారు. మనవాళ్లు టీవీ కెమెరాల ముందు కుర్చీ వేసుకుని మరీ కూర్చుంటారు.

మరి మనుషులు చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా అని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. 2022 డిసెంబర్ 28న కందుకూరు రోడ్డు షోలో ఎనిమిది మంది పోయారు, నాలుగు రోజులకే గుంటూరులో మరో ముగ్గురు పోయారు. జనవరి 2న ప్రభుత్వం 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ పట్టుకుని, రోడ్ల మీద సభలకు అడ్డంగా జీవో నంబర్ 1 తెచ్చింది. సిపాయిల తిరుగుబాటు లేచిన నాలుగేళ్లకు తెల్లవాడు రాసుకున్న చట్టమది. ఇప్పటికీ 'సబ్ డివిజన్ పరిధిలో సెక్షన్ 30 అమలు' అని జిల్లా పేజీలో వాతావరణ సూచనలా పడుతూనే ఉంటుంది. ఆ జీవోను 2023 మేలో హైకోర్టు కొట్టేసింది. వీధి సభలను నియంత్రించవచ్చు కానీ టోకున నిషేధించడం చెల్లదని సుప్రీంకోర్టు 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో తేల్చింది. ఇరుకు సందులో సభ వద్దనండి, వేళ పెట్టండి, బారికేడ్లు కట్టండి, అంబులెన్సుకు దారి వదలమనండి. అదంతా నియంత్రణ. తొక్కిసలాట జరుగుతుందేమోనని ఒక మనిషిని తన వరండాలో బంధించడం ఏ రకం రద్దీ నివారణో ట్రాఫిక్ ఎస్సైని అడిగినా చెప్పలేడు.

ఇంకో మాట కూడా అంటారు, కొంచెం కన్ను గీటుతూ: హౌస్ అరెస్టు వల్ల నాయకుడికి పోయేదేముంది, ఎండలో తిరిగే పని తప్పి టీవీలో కనబడతాడు కదా అని. నాయకుడి విషయంలో నిజమే. గేటు దగ్గర తోపులాట, చొక్కా గుండీ తెగడం, గట్టిగా నాలుగు మాటలు, పదకొండు గంటలకల్లా ప్రచారం పూర్తి. నష్టపోయేది కెమెరా రాని ఇళ్లవాళ్లు. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగులు చలో విజయవాడ అంటే బస్సులాపి, గుర్తింపు కార్డులు అడిగి దింపేస్తే, మారువేషాలు వేసుకుని బెజవాడ చేరారని పత్రికలు రాశాయి. పంతులుగారు మారువేషం కట్టి బెజవాడకు వెళ్లవలసిన రోజులు స్వతంత్ర భారతంలో వస్తాయని డ్రాఫ్టింగ్ కమిటీకి తట్టి ఉండదు. 2023 డిసెంబర్‌లో జీతం పెంచమని సమ్మెకు దిగిన అంగన్‌వాడీ టీచర్ల మీద మర్నెల ఎస్మా ప్రయోగించారు. చాట్రాయిలోనో విస్సన్నపేటలోనో ఒక అంగన్‌వాడీ టీచర్‌ను ముందురోజు స్టేషనుకు పిలిచి కూర్చోబెడితే, దానికి హెబియస్ కార్పస్ వేసే వకీలు ఎవరు? సాయంత్రం ఇంటికి పంపేస్తారు, కేసే మిగలదు. మిగలకపోవడమే ఆ పద్ధతిలోని నైపుణ్యం.

1949లో ఆ 22వ అధికరణం చర్చకు వచ్చిన రోజే మహావీర్ త్యాగి లేచి, ఇవాళ అధికారంలో ఉండి ఇది రాస్తున్నారు, రేపు ఇంకో పార్టీ వస్తే దీనికి బలయ్యేది మీరే అని హెచ్చరించాడు. ఆయన జోస్యం మనవాళ్లు వంతులవారీగా నిజం చేసి చూపిస్తున్నారు. బలైనవాళ్లు గద్దెనెక్కాక ఆ ఆచారాన్ని రద్దు చేస్తారనుకుంటే, కుర్చీకి కొత్త రంగు వేయిస్తున్నారు.

కాబట్టి రాజ్యాంగ నిర్మాతల పేరు చెప్పే ప్రతి హోంమంత్రికీ ఒక చవకైన సూచన. ప్రతి పోలీసు స్టేషన్లో ఇంకో రిజిస్టరు పెట్టించండి, హౌస్ అరెస్టుల రిజిస్టరు. గడులు నాలుగు చాలు: ఏ చట్టం, ఏ కారణం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఆజ్ఞ ఇచ్చిన అధికారి పేరూ సంతకమూ. దాని నకలు ఒకటి గేటు లోపలి మనిషి చేతికివ్వాలి. ఖర్చు పెద్దగా ఉండదు, నూజివీడు స్టేషనరీ కొట్లో దొరికే పొడుగు పుస్తకం సరిపోతుంది. మొదటి పేజీ మొదటి వరుసలో నాలుగో గడి నింపడానికి ముందుకొచ్చే అధికారి ఎవరో, జీతం ఎంతో, ఏ జిల్లాలో పనిచేస్తాడో హోంశాఖ ముందుగా ప్రకటిస్తే బాగుంటుంది.