దారి తెలుసన్నాను

మా మేనల్లుడికి అప్పుడు పన్నెండేళ్లు. చాదర్‌ఘాట్ వంతెన మీద బస్సు ఆగినప్పుడు ముక్కు మూసుకుని, "మామా, ఈ నీళ్లు ఎక్కడన్న తెల్లగ ఉంటయా?" అని అడిగాడు. అనంతగిరిలో, మూసీ పుట్టిన చోట ఉంటాయన్నాను. "నువ్వు చూసినవా?" అన్నాడు. చూసిన అన్నాను.

చూడలేదు. అనంతగిరికి రెండుసార్లు వెళ్లాను, నిజమే. అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకుని, చెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పుకుని తిని వచ్చేశాను. గుడి దాటి ఆ గుట్టల్లోకి ఒక్క అడుగు కూడా వేసినవాణ్ని కాదు. వాడి ముందు తెలియదనడానికి నోరు రాలేదు, అంతే.

మూడు రోజులు వాన కొట్టి వెలిసిన ఆదివారం, ఆ చోటు చూపిస్తానని వాణ్ని తీసుకుని బయల్దేరాను. సనత్‌నగర్ నుంచి నడుచుకుంటూ పోయి భరత్‌నగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కాం, లింగంపల్లిలో దిగి వికారాబాద్ రైలు పట్టుకున్నాం. దారి పొడుగునా వాడికి మూసీ కథ చెప్పాను. 1908 సెప్టెంబర్ 28న ఈ నదే పట్నాన్ని ముంచేసిందని, ఆ తర్వాతే దీని మీద గండిపేట చెరువు కట్టారని, 1920కి అది పూర్తయిందని, చివరికి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని. వాడు కిటికీ వదిలేసి నా మొహమే చూస్తూ విన్నాడు. చెప్పినవన్నీ నిజాలే. వాటి పక్కన నా అబద్ధం కూడా నిజంలాగే కూర్చుంది.

గుడి దాటాక అడవి అంచున ఒక మేకల కాపరి కనిపించాడు. గొంగడి భుజాన వేసుకుని, గుతప మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. అడగకముందే చెప్పాడు: "సారూ, వాగెంబడి దిగకుండ్రి. మీద గట్టిగ కనబడతది, లోపటంత ఊట. చుట్టు తిరిగి పోండ్రి." మాకు తెలుసన్నాను. ఆయనకూ అదే మాట.

ఆ గుట్టల సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను. పైన బెజ్జాల ఎర్రరాయి, లాటరైట్, వాననీళ్లను తాగేస్తుంది. కింద నల్లరాయి, అది అరిగి తయారైన జిగటమట్టి. నీళ్లు ఆ మట్టిలోంచి కిందికి దిగలేక పక్కకు జరిగి, వాలులో ఊటగా బయటికొస్తాయి. అట్లాంటి ఊటలన్నీ కలిస్తేనే వాగు, వాగులు కలిస్తేనే మూసీ. అంటే వాడికి చూపిస్తానన్న నదినే కాళ్ల కింద తొక్కుతూ, దాని కోసం వెతుకుతున్నాను.

గంటన్నర నడిచాం. రాళ్ల మీద పాచి, నడుం దాకా గడ్డి, ఎటు చూసినా ఒకేలాంటి టేకు చెట్లు. "దారి తప్పినమా మామా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారి, "నోరు మూసుకుని నడువ్" అన్నాను. వాణ్ని అట్లా కసిరింది అదే మొదటిసారి. వాడు నా వెనక నడవడం మానేసి పక్కకు జరిగాడు, కన్నీళ్లు నాకు కనబడకుండా. అట్లా జరిగిన చోటే పచ్చిక కింద నేల లేదు.

మోకాలు దాటి తొడ దాకా దిగబడ్డాడు. చంకల కింద చేతులు వేసి లాగాను. లాగిన కొద్దీ నా కాళ్లూ దిగాయి. బురద వాడి కాలిని నోటితో పట్టినట్టు పట్టుకుంది. అరవడం తప్ప ఇంకేమీ తోచలేదు. ఎంతసేపు అరిచానో తెలియదు. వాడు మాత్రం అరవలేదు. నా చొక్కా గుండీ ఒకటి పట్టుకుని, దాన్నే చూస్తూ ఉన్నాడు.

ఆ కాపరే వచ్చాడు. ముందు గొంగడి పరిచాడు, దాని మీద గుతప అడ్డంగా పెట్టాడు. "బిడ్డా, ముందటికి బోర్ల వండుకో" అన్నాడు. తను కూడా బోర్లా పడుకుని, వాడి పిక్క చుట్టూ బురదను చేతులతో తవ్వి, పక్కనున్న మడుగులోంచి దోసిళ్లతో నీళ్లు పోశాడు. "కాలు కొంచెం కొంచెం ఆడియ్యి, గుంజకు." ఇరుకులోకి నీళ్లు దిగేసరికి కాలు మెల్లగా వదులైంది. బూటు లోపలే ఉండిపోయింది. ముందే చెప్పలేదా అని ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "పోరడు భయపడ్డడు, నీళ్లు తాపుండ్రి" అన్నాడు. రోడ్డు దాకా వాణ్ని వీపు మీద మోసుకొచ్చింది కూడా ఆయనే. వెనక గొంగడి పట్టుకుని నేను నడిచాను. అది బురదతో తడిసి మోయలేనంత బరువుంది. ఆయన పేరు కూడా అడగలేదు నేను.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, "బూటేదిరా?" అని. "వాగుల కొట్టుకపోయిందమ్మా. మామకు దారి మంచిగ తెలుసు" అన్నాడు వాడు. అక్క నా చేతికి చాయ్ ఇచ్చింది. తాగాను.

వాడిప్పుడు ఉద్యోగంలో చేరాడు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. అక్కా, బూటు వాగులో కొట్టుకుపోలేదు. నాకు దారి తెలియదు. నీ కొడుకు తెలియక పక్కకు పోలేదు, నేను కసిరితే పోయాడు.