తేటనీరు

పురుగుమందులు అమ్మేవాణ్ణి నేను. పర్చూరు వైపు నల్లరేగడిలో పుట్టి, గుంటూరులో కొట్టు పెట్టుకున్నాను. ఏ మందు ఏ పురుగును చంపుతుందో, దాంతోపాటు చేలో ఇంకేం చస్తాయో రైతుకు చెప్పడం నా రోజూ పని. అలాంటి నేను ఇంట్లో సముద్రపు చేపల తొట్టి పెట్టి, ఆ నీళ్లను కాపాడుతున్న జీవాలనే ముందు చంపేశాను. చేపలు ఆ తర్వాత చచ్చిపోయాయి.

తొట్టి చిన్నదే, నూరు లీటర్లు. ఫిల్టరు ఎంచుకోవడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: నీళ్లు ఎంత తేటగా కనిపిస్తాయి? అందుకని దుకాణంలో ఉన్న వాటిల్లో పెద్ద క్యానిస్టర్ ఫిల్టరు కొన్నాను. అందులో స్పాంజి, దూది, సిరామిక్ రింగులు. నీళ్లు నిజంగానే అద్దంలా మెరిశాయి. కొన్నాళ్లకు రాళ్ల మీద గోధుమరంగు పొర పట్టింది. ఆపైన ఎర్రటి జిగురు నాచు వచ్చింది. యూవీ దీపం తెచ్చాను. తగ్గలేదు. ఇంకో ఫిల్టరు తగిలించాను. అదీ చాలలేదని సిరామిక్ రింగులన్నీ తీసి మున్సిపాలిటీ కుళాయి కింద పట్టి తెల్లగా వచ్చేదాకా కడిగాను. అదే వారంలో ఎర్ర నాచు చావడానికి యాంటీబయాటిక్ పోశాను. నాచు పోయింది. తెల్లారి చూస్తే క్లౌన్ చేపలు నీటి పైపొర దగ్గరికి చేరి ఆయాసపడుతున్నాయి. నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి.

జరిగింది ఇది. చేపల మొప్పల్లోంచి, కుళ్లిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఇవి నీళ్లలో తేలుతూ తిరిగేవి కావు. రాళ్లకీ, ఇసుకకీ, సిరామిక్ రింగులకీ అంటుకుని బతుకుతాయి. మనం ఫిల్టరు అని పిలిచేది వాటికి ఇల్లు మాత్రమే, అసలు పని చేసేవి అవే. కుళాయి నీళ్లలోని క్లోరిన్ కొన్నిటిని చంపింది, యాంటీబయాటిక్ మిగిలినవాటిని దెబ్బ తీసింది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషంగా పనిచేసే వంతు కూడా పెరుగుతుంది. మంచినీళ్ల తొట్టిలో తట్టుకోగల మోతాదు ఉప్పునీళ్లలో ప్రాణం తీస్తుంది.

ఇది తెలియకపోవడానికి నాకు సాకు లేదు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసింది. అంతకుముందే కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్లను రైతులు వారం వారం కొట్టారు. ఆ మందు అక్షింతల పురుగుల్ని, పరాన్నజీవి కందిరీగల్ని, సాలీళ్లని చంపింది. తెల్లదోమను తినేవి పోయాక తెల్లదోమకు అడ్డు లేకపోయింది. మా నాన్న ఆ చేలోనే నిలబడి, ఆకు కింద పొడిలా లేచే దోమను చూస్తూ మళ్లీ మందే కొట్టాడు. ఆ కథ వింటూ పెరిగాను. 2021లో మిరపకు నల్ల తామర పురుగు వచ్చినప్పుడు, మందు మీద మందు కొట్టకండయ్యా, నీలం జిగురు అట్టలు పెట్టండి, మిత్రపురుగుల్ని బతకనివ్వండి అని కొట్టు దగ్గరికి వచ్చిన ప్రతి రైతుకూ చెప్పాను. ఇంట్లో ఎర్ర నాచు కనిపించగానే నా చెయ్యి సీసా మీదికి పోయింది.

మా మావయ్య కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. మొదట్లోనే ఒకసారి వచ్చి తొట్టి చూశాడు.

“మేత ఎంత వేస్తున్నావురా?”

“తిన్నంత వేస్తున్నా మావయ్యా.”

“తిన్నంతని నీకెట్టా తెలుసు? మేము చెక్ ట్రే పెట్టి చూస్తాం. ట్రేలో మిగిలితే మర్నాడు మేత కోస్తాం. నీళ్లు మరీ తేటగా ఉంటే మాకు భయంరా అబ్బాయ్. నీళ్లలోని సన్న నాచు, అదే బ్లూమ్, పడిపోయిందని అర్థం. ఇంతకీ అమ్మోనియా చూశావా?”

చెరువు వేరు, అద్దాల తొట్టి వేరు అనుకున్నాను. పెద్దాయన కదా అని తలూపి ఊరుకున్నాను. చెరువుల వాళ్లు నీళ్లు సీసాలో పట్టి ల్యాబుకు తీసుకెళ్లి అమ్మోనియా, నైట్రైటు, ఆల్కలినిటీ చూపించుకుంటారు. పక్క చేలో మందు కొట్టిన రోజున ఆ మురుగు కాలవ నీళ్లు తోడరు. మా బంధువుల్లోనే ఇంత విద్య ఉండగా, ఫిల్టరు పెట్టె మీద రాసిన ‘గంటకు ఇన్ని లీటర్లు’ అన్న అంకెను నమ్మాను.

ఇక బోరునీళ్ల సంగతి. మన ఎండలకు తొట్టిలో నీళ్లు రోజూ తగ్గుతాయి. ఆవిరయ్యేది నీళ్లే. ఉప్పు, నైట్రేటు, సిలికా అన్నీ తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన చోట నేను బోరునీళ్లు పోశాను. ఆ గోధుమపొర డయాటమ్‌లది. సిలికాతోనే అవి తమ పెంకు కట్టుకుంటాయి. పోసిన ప్రతిసారీ వాటికి మేత వేసినట్టే. ఎర్ర నాచుకు మిగిలిపోయిన మేత చాలు. రెండిటికీ నా చెయ్యే కారణం. వాటిని చంపడానికి మళ్లీ డబ్బు పెట్టింది కూడా నేనే.

ఇప్పుడు చిన్న ఉప్పునీటి తొట్టికి ఏ ఫిల్టరు అని ఎవరైనా అడిగితే గట్టిగానే చెబుతాను. బొరియలున్న రాయి, నీళ్లను కదిలించే చిన్న పంపు, ఒక ప్రోటీన్ స్కిమ్మర్. రాయి పైపొరలో, ప్రాణవాయువు అందే చోట అమ్మోనియా మారుతుంది. లోపల ప్రాణవాయువు అందని చోట వేరే బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. 1961లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లతో, కాసిని గాలి బుడగలతో పగడాలను పెంచి చూపించాడు. స్కిమ్మర్ పని వేరు. సన్నటి బుడగలకు వ్యర్థం అంటుకుని నురగగా పైకి వస్తుంది, అది కుళ్లి అమ్మోనియా కాకముందే బయటికి పోతుంది. క్యానిస్టర్‌లో చిక్కిన మేత మాత్రం లోపలే కుళ్లుతుంది. వారానికోసారి విప్పి కడిగే ఓపిక ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది. కడిగినా తొట్టిలోంచి తీసిన ఉప్పునీళ్లలోనే కడగాలి.

రాయి అంటే పగడపు రాయి అడగకండి. రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రంలోంచి తీసినవి కొన్నా, అమ్మినా నేరమే. సిరామిక్‌తో చేసిన గుల్లరాళ్లు దొరుకుతాయి, వాటిల్లోనూ బాక్టీరియా చక్కగా కాపురముంటాయి. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. క్లౌన్ చేపల్ని హేచరీలో పొదిగించే పద్ధతి మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు ఏనాడో సాధించారు, అలాంటి పిల్లల్నే అడిగి తెచ్చుకోవాలి.

నా తొట్టిలో ఇప్పుడు రాళ్లూ ఉప్పునీళ్లే ఉన్నాయి. చిటికెడు మేత వేసి పరీక్షిస్తున్నాను. అమ్మోనియా సున్నాకు వచ్చింది, నైట్రైటు ఇంకా సున్నాకు రాలేదు. అది వచ్చేదాకా చేప కొనను. తగ్గిన నీళ్లకు ఆర్వో నీళ్లే, అవీ టీడీఎస్ మీటరు పెట్టి చూసి పోస్తున్నాను. యూవీ దీపం అమ్మేశాను. ఆ డబ్బుతో పంపుకు ఇన్వర్టర్ బ్యాటరీ కొన్నాను. ఉప్పునీళ్లలో ప్రాణవాయువు మామూలుగానే తక్కువ కరుగుతుంది, వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే చేపలకే కాదు, ఆ బాక్టీరియాకూ ఊపిరాడదు.