డబ్బా కోయకండి, మహాప్రభో!

కొరియర్ టెర్మినల్‌లో కత్తి చేతబట్టి కూర్చున్న కస్టమ్స్ అధికారి గారికి,

అయ్యా,

ఇవాళో రేపో మీ బల్ల మీదికి ఒక అట్టపెట్టె వస్తుంది. పైన నా పేరు, "ప్లాస్టిక్ ఫిగర్, ఒకటి" అన్న వివరం ఉంటాయి. లోపల గాడ్జిల్లా ఉంటుంది. జానెడు ఎత్తు, దానికి తగ్గ తోక. మీరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వండి, నవ్వుకి సుంకం లేదు. నా మనవి మాత్రం కత్తి దింపేలోగా వినండి.

జపాన్‌లో బందాయ్ కంపెనీ కొన్ని బొమ్మల్ని బజారు దుకాణాలకు ఇవ్వదు. తన సొంత ఆన్‌లైన్ కొట్టులోనే, గడువు పెట్టి ఆర్డర్లు తీసుకుంటుంది. పంపేది జపాన్ చిరునామాలకే. గడువు దాటితే ఇక సెకండ్‌హ్యాండ్ కొట్లే గతి. ఆ కొట్లవాళ్లు బొమ్మకొక గ్రేడు, డబ్బాకొక గ్రేడు విడివిడిగా రాస్తారు. డబ్బా మూల నలిగిందా, ధర పడిపోతుంది. నేను తెప్పించేది రెండూ 'ఎ' గ్రేడు ఉన్నది. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

మియాపూర్‌లో అద్దెకుంటున్న నాకు జపాన్‌లో ఒక చిరునామా ఉంది. అది ఫార్వార్డింగ్ కంపెనీ గోదాము. చివర నాకిచ్చిన నంబరు ఒకటి తగిలించి ఉంటుంది. కొట్టువాడు అక్కడికి పంపుతాడు, గోదామువాడు నాకు పంపుతాడు. హాట్ వీల్స్ పిచ్చి ఉన్న మా మిత్రులకైతే ఇలాంటి చిరునామాలు అమెరికాలో, డెలవేర్‌లోనో ఒరెగాన్‌లోనో ఉంటాయి. ఆ రాష్ట్రాల్లో సేల్స్ టాక్స్ లేదు మరి. కొందరు కొట్లవాళ్లు గోదాము చిరునామాను పసిగట్టి ఆర్డరు రద్దు చేసేస్తారు. పెళ్లి సంబంధాల్లో కూడా ఇంత ఆరా ఉండదు.

తర్వాత తూకం. కొరియర్ కంపెనీలు అసలు బరువు ఒక్కటే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే చార్జీ. 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టెలో అరకిలో లేని నా గాడ్జిల్లా ఆరు కిలోలు తూగింది. "డబ్బా తీసేసి బొమ్మనొక్కదాన్నే పంపమంటారా, చవకవుతుంది" అని గోదామువాళ్లు మర్యాదగానే అడిగారు. అంతే మర్యాదగా వద్దన్నాను. డబ్బా లేని గాడ్జిల్లా ఉత్త బల్లి.

ఇక మీ శాఖ. 2020 ఫిబ్రవరి దాకా విదేశీ బొమ్మల మీద 20 శాతం సుంకం ఉండేది. ఆ బడ్జెట్‌లో 60 అయింది, 2023లో 70 అయింది. దేశంలో బొమ్మలు చేసేవాళ్లు బతకాలన్నారు. బతకాలి. కొండపల్లి తెల్లపొణికి చెక్కలో దశావతారాలు చూసి పెరిగినవాణ్ణే నేనూ. కానీ అక్కడెవరూ గాడ్జిల్లాను చెక్కడం లేదు కదా! పది వేల రూపాయల బొమ్మకు రవాణా రెండు వేలు కలిపితే పన్నెండు వేలు, దాని మీద 70 శాతం అంటే 8,400. జీఎస్టీ వగైరాలు ఆపైన. విమాన రవాణా ఖర్చును సరుకు విలువలో 20 శాతం మించి లెక్కలో వేయకూడదని 2007 నాటి నియమాల్లో ఎవరో దయామయుడు రాసి పెట్టాడు. లేకపోతే నా ఆరు కిలోల గాలి మీద కూడా 70 శాతం పడేది. 

"బహుమతి అని రాయించు, పది డాలర్లు అని రాయించు" అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. తప్పుడు విలువ రాస్తే జరిమానా మీరు వేస్తారు. పార్శిల్ పోతే బీమా కూడా ఆ పది డాలర్లకే వస్తుంది. బహుమతుల పేరుతో సుంకం తప్పించుకునే దారి 2019 డిసెంబరులోనే మూసేశారు. ప్రాణాధార మందులకీ, రాఖీకీ తప్ప. రాఖీతో వచ్చే బహుమతికి కూడా లేదు, ఉత్త రాఖీకే. గాడ్జిల్లా చేతికి రాఖీ కట్టించి పంపమన్నాడొక మిత్రుడు. అతని మాట వినలేదు.

వీటన్నిటికీ ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది ఒక్కటే. క్రితంసారి వచ్చిన పార్శిల్‌కి "ఐఎస్ఐ మార్కు ఏదీ" అని అడిగారు. 2021 జనవరి 1 నుంచి అమలైన బొమ్మల నాణ్యతా ఉత్తర్వు నేను చదివాను. అందులో బొమ్మ అంటే 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకోడానికి ఉద్దేశించినది. నా డబ్బా మీద, జపాన్ భాషలోనే కానివ్వండి, 15 ఏళ్లు పైబడినవారికి అని అచ్చేసి ఉంది. ఇక ఆట సంగతంటారా, దాన్ని ఎవరూ తాకరు. మా అమ్మమ్మ బొమ్మల కొలువు బొమ్మల్ని పాత చీరల్లో చుట్టి ట్రంకు పెట్టెలో దాచి, సంక్రాంతికి మెట్ల మీద పేర్చి, పిల్లలు చెయ్యి వేస్తే వీపు పగలగొట్టేది. నాదీ ఆ కొలువే, పేరంటం ఒక్కటి తక్కువ. కొండపల్లి లాంటి భౌగోళిక గుర్తింపున్న బొమ్మలకు ఆ మార్కు నుంచి మినహాయింపు ఇచ్చారు కదా, పెద్దవాళ్ల బొమ్మకు కూడా ఒక చిన్న వాక్యం రాయించండి. సుంకం దగ్గర నేను బొమ్మ కొన్నవాణ్ణి, మార్కు దగ్గర బొమ్మతో ఆడుకునే పసివాణ్ణి. రెండింట్లో ఒకటి తేల్చండి.

బంధువుల సూట్‌కేసు దారి లేదా అంటారేమో. ఉంది. అటు ఆవకాయ, ఇటు బొమ్మ. డాలస్ నుంచి వచ్చిన మా వదిన "ఖాళీ డబ్బాయే కదా" అని దాన్ని అక్కడే చెత్తబుట్టలో పడేసి, బొమ్మను చీర మడతల్లో భద్రంగా చుట్టి తెచ్చింది. "చూశావా, గీత కూడా పడలేదు" అంది. కాఫీ ఇచ్చి, థాంక్స్ చెప్పి, లోపలి గదిలోకెళ్లి కాసేపు కూర్చున్నాను. పైగా 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా కూడా 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఇచ్చే మినహాయింపు ఎత్తేసింది. జపాన్ నుంచి డాలస్ మీదుగా రప్పించే చుట్టుదారికి కూడా ఖర్చు తప్పదు.

కాబట్టి మీరే దిక్కు. పెట్టె తెరవండి, అది మీ అధికారం. బయటి అట్టపెట్టెను అడుగు వైపు నుంచి, టేపు వెంబడి కోయండి. కత్తి మొన అరంగుళం కన్నా లోపలికి దిగనివ్వకండి. లోపలి డబ్బా మూతకి గుండ్రటి పారదర్శక స్టిక్కర్లు ఉంటాయి. అవి కంపెనీ వేసినవి, వాటిని మాత్రం ఊడదీయకండి. అనుమానం తీరకపోతే ఎక్స్‌రే యంత్రంలో ఎన్నిసార్లయినా తిప్పండి, గాడ్జిల్లాకు రేడియేషన్ కొత్త కాదు. బిల్లు పంపండి, కడతాను.

ఇట్లు,
పద్నాలుగేళ్లు ఎప్పుడో దాటిన ఒక దిగుమతిదారు