ఇరానీ చాయ్‌లో చక్కెర శాతాన్ని తప్పుగా కట్టే విధానం

కరిగే పదార్థాన్ని ద్రావితమనీ, కరిగించుకొనే ద్రవాన్ని ద్రావణి అనీ, రెండూ కలిసినదాన్ని ద్రావణమనీ రసాయనశాస్త్రం వ్యవహరిస్తుంది. ద్రావితపు ద్రవ్యరాశిని మొత్తం ద్రావణపు ద్రవ్యరాశితో భాగించి నూటితో హెచ్చిస్తే వచ్చేదే ద్రవ్యరాశి శాతం. సూత్రం ఇంత తేలికైనా తప్పు జవాబే కోరే జిజ్ఞాసువు నిరుత్సాహపడనక్కర లేదు. ద్రావణికీ ద్రావణానికీ తేడా మాట చివరన మాత్రమే ఉంచి, పరిభాష కూర్చిన పెద్దలు సగం పని ముందే చేసిపెట్టారు.

తొలుత, ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం వల్ల పేరొచ్చిన ఆబిడ్స్‌లో, ఆదివారం కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల నుంచి, వెనకటి యజమాని లెక్కలన్నీ పెన్సిలుతో చేసిపెట్టిన ఇంటర్ రసాయనశాస్త్రాన్ని ఏరుకొని, ఆ జవాబులను సరిచూడకుండా నమ్మాలి. పిమ్మట నాంపల్లి స్టేషను దగ్గరి ఇరానీ హోటల్లో కూర్చొని, 100 గ్రాముల చాయ్‌లో 10 గ్రాముల చక్కెర ఉందనుకొని, పదిని మిగిలిన తొంభైతో భాగించి 11.1 శాతమని ప్రకటించాలి. అసలు జవాబు 10 అని ఎవరైనా గుర్తుచేస్తే, ఈసారి కప్పూ సాసరూ కలిపి తూచి, శాతాన్ని ఒక్క దెబ్బకు మూడు నాలుగుకు దించి చూపవచ్చు. అదనంగా అడిగి వేసుకొన్న చక్కెరను కలపకుండా వదిలితే అడుగున పలుకులుగా మిగిలేది ద్రావణంలో భాగం కాదు గనుక, దాన్ని తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

అసలైన అవకాశం వంటింట్లో ఉంది. ఇరానీ చాయ్‌కు డికాషన్‌ను చక్కెరతో విడిగా, సన్నని సెగ మీద చాలాసేపు మరిగిస్తారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడుతుంటాయి. ఉదయం 2 కిలోల డికాషన్‌లో 200 గ్రాముల చక్కెర ఉంటే అది 10 శాతం. మధ్యాహ్నానికి 400 గ్రాముల నీరు ఆవిరైతే చక్కెర ఎక్కడికీ పోదు గనుక 200ను 1,600తో భాగించాలి, అంటే 12.5 శాతం. జిజ్ఞాసువు మాత్రం రోజంతా ఉదయపు అంకెనే పట్టుకొని ఉండాలి. ఆ మధ్యాహ్నపు డికాషన్ 60 గ్రాములకు 40 గ్రాముల పాలు చేరితే వేసిన చక్కెర మళ్లీ 7.5 శాతానికి దిగుతుంది; పాలలో స్వతహాగా నూటికి ఐదు గ్రాముల దాకా ఉండే లాక్టోజును, కరగకుండా తేలే వెన్న బిందువులను తలచుకోవడం చాదస్తం.

ఆసుపత్రి సెలైన్ మీది 0.9 శాతం 100 మిల్లీలీటర్లకు గ్రాముల్లో చెప్పిన అంకె. పలుచని ఉప్పునీటిలో 100 గ్రాములకూ 100 మిల్లీలీటర్లకూ తేడా తెలియదు గనుక, గులాబ్‌జామూన్ పాకానికీ అదే పద్ధతి వర్తింపజేయాలి. ద్రవ్యరాశిలో 60 శాతం చక్కెర ఉన్న పాకం 100 మిల్లీలీటర్లలో దాదాపు 77 గ్రాముల చక్కెర పడుతుంది.

చివరికి చాయ్‌ను వన్ బై టూ చెప్పినప్పుడు కప్పుతోపాటు శాతాన్నీ సగం చేయాలి; రెండు సాసర్లలోనూ తీపి ఒక్కలాగే ఉందని ఎదుటివారు అంటే, బిల్లు వారి వైపు జరపాలి.