సంచి కాడ ఎవరుంటరు?

ఊరికి పోవడం పెద్ద పని కాదు. పోయినట్టు తెలియకుండా పోవడమే పని. సెలవులు దగ్గరపడితే చాలు, పోలీసులు పత్రికల్లో చెప్తూనే ఉంటారు: ఊరెళ్లేవాళ్లు ఠాణాలో చెప్పి వెళ్లండి, ఇంట్లో బంగారం ఉంచకండి, ప్రయాణం ఫొటోలు స్టేటస్‌లో పెట్టకండి, పక్కింటివాళ్లను కాస్త కనిపెట్టి ఉండమనండి. మొదటి మూడింటితో మా వదినెకు పేచీ లేదు. నాలుగోదే గొంతు దిగదు. పక్కింటామెకు ఇల్లు అప్పజెప్పాలంటే ఎక్కడికి పోతున్నామో చెప్పాలి. అండమాన్ అంటే ఎంతవుతుంది అని అడుగుతుంది. ఎంతవుతుందో చెప్తే, అన్ని పైసలు ఎక్కడివి అని పైకి అడగకపోయినా లోపల అనుకుంటుంది. అందుకని తిరుపతి అని చెప్పింది. తిరుపతి అంటే ఎవరూ లెక్క అడగరు, లడ్డు అడుగుతారు.

నన్నడిగితే మన ఇళ్లల్లో సొమ్ము దాచేది దొంగకు భయపడి కాదు. దొంగ ఎప్పుడో ఒకసారి వస్తాడు, రాకపోయినా రాకపోవచ్చు. చుట్టాలూ ఇరుగుపొరుగూ రోజూ వస్తారు. బీరువా తాళంచెవి బీరువాకే వేలాడే ఇంట్లో కూడా కొత్తగా చేయించిన హారం మాత్రం మూడు డబ్బాల వెనక ఉంటుంది.

మా ప్రయాణానికి రక్షణ మంత్రి కాక. బహ్రెయిన్‌లో చాలా ఏండ్లు పనిచేసి వచ్చిన మనిషి. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ ఊళ్లో చూసినా అటువంటి కాక ఒకరుంటారు. గల్ఫ్ నుంచి వచ్చే అట్టపెట్టెకు నైలాన్ తాడు ఎన్ని చుట్లు చుట్టాలో, ముడి ఏ మూలన పడాలో, పేరూ ఊరూ ఎన్ని దిక్కుల రాయాలో ఆయనకు తెలిసినంత విమానం కంపెనీలకు కూడా తెలియదు. దీవి అనగానే నవ్వాడు.

“దీవి ముచ్చట నాకు చెప్తున్నవారా? బహ్రెయిన్ ఏంది మరి? నాలుగు దిక్కుల నీళ్లే. నేనైతే గా సముద్రంల కాలు పెట్టలే, ఒక్క పైస పోగొట్టుకోలే.”

ఏండ్ల తరబడి దీవిలో ఉండి సముద్రంలో కాలు పెట్టకపోవడం ఆయన లెక్కలో జాగ్రత్త. డ్యూటీకి సెలవు దొరకలేదన్న సంగతి కాకమ్మ తర్వాత చెప్పింది.

ఇంటి సంగతి కాక ఒక్క సూత్రంతో తేల్చేశాడు: ఇంట్లో మనుషులున్నట్టే కొట్టాలె. ఆ లెక్కన గడప ముందు పాత చెప్పులు రెండు జతలు, దండెం మీద అన్న పాత ప్యాంటు, రాత్రంతా వరండాలో లైటు. పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు వేసే పని పక్కింటామెకు, ఒక తాళంచెవితో సహా. వంటింటి పైకిటికీ ఒక రెక్క తెరిచి ఉంచాలన్నది కూడా ఆయన మాటే. “అన్ని కిటికీలు బిగిస్తే తాళమేసి పోయిండ్రని పోరగాడు గూడ చెప్తడు. ఊచలున్నయి గదా, మనిషి వట్టడు.” మనిషి పట్టని మాట నిజమే.

బంగారం దగ్గరే గొడవ వచ్చింది. బ్యాంకు లాకర్ తీసుకుందామని అన్న అన్నాడు. బోధన్ బావ ఒప్పుకోలేదు. బావ పుట్టి పెరిగింది షక్కర్‌నగర్ క్వార్టర్లలో, వాళ్ల నాయన చేసింది నిజాం షుగర్స్‌లో. ఎప్పటికీ ఉంటాయనే వాటి మీద బావకు నమ్మకం పోయి చాలా కాలమైంది. “1937ల పెట్టిన ఫ్యాక్టరీ. ఆసియాల్నే పెద్దదనిరి. 2015 డిసెంబర్ల గేటుకు తాళం పడ్డది. గంత పెద్ద గేటే మూతపడంగ, జానెడు లాకర్ నీకు భరోసనా?” అన్నాడు. అక్కడితో ఆగకుండా మెండోరా మండలం బుస్సాపూర్‌కు పోయాడు. 2022 జూలైలో అక్కడి గ్రామీణ బ్యాంకులో దొంగలు గ్యాస్ కట్టర్‌తో లాకర్ కోసి కిలోలకొద్దీ బంగారం ఎత్తుకుపోయిన సంగతి మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అన్న ఊరుకోలేదు, రిజర్వు బ్యాంకు నిబంధన తీశాడు. 2022 జనవరి 1 నుంచి, బ్యాంకు తప్పిదం వల్ల లాకర్‌లో సొమ్ము పోతే ఏడాది కిరాయికి 100 రెట్ల వరకు బ్యాంకు కట్టివ్వాలి. బావ వేళ్ల మీద లెక్క వేశాడు. కిరాయి 2 వేలు అనుకుంటే వచ్చేది 2 లక్షలు. మేలిమి బంగారం తులం 2025 ఏప్రిల్‌లోనే లక్ష ముట్టింది. రెండు తులాలకు సరి! హారం అంతకంటే బరువు అని వదినె నోరు జారబోయి, పక్కన కాకమ్మ కూర్చుని ఉన్న సంగతి గుర్తొచ్చి దగ్గింది.

చివరికి హారం పసుపు డబ్బాలోకి పోయింది. జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకు 2025లో వచ్చింది కానీ, పసుపు విలువ మా వదినెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆర్మూరు దిక్కు పుట్టిల్లు, ఏడాదికి సరిపడా పసుపు అక్కడి నుంచే వస్తుంది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టని దొంగ లేడు, పసుపులో చెయ్యి పెడితే వారం దాకా రంగు పోదు, కాబట్టి ఏ దొంగా పెట్టడు. ఇదీ ఆమె వాదన. నాకు ఇప్పటికీ దాంట్లో తప్పేం కనపడదు.

ఒంటి మీద పుస్తెలతాడు మాత్రం ఉంచుకుంది. మిగతావన్నీ ఒక గ్రాము బంగారం సరుకు. అవి వేసుకున్నాక కొత్త భయం పట్టుకుంది: ఇది నకిలీదని మనకు తెలుసు, దొంగకెట్ల తెలుస్తది?

దీవుల్లో ఫోన్‌పే అందీ అందనట్టు ఉంటుందని ఎవరో చెవిన వేశారు. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రధాని ప్రారంభించారని నేను చెప్తే, “నీళ్లల్ల వేసిన వైరును నమ్ముతవా?” అంది వదినె. నగదే తీసుకున్నారు. అంతా ఒక్కతాన పెట్టొద్దన్నది కాక సూత్రం. కొంత అన్న లోపలి బనీను జేబులో, కొంత పిల్లగాని లెక్కల పుస్తకంలో (ఆ పుస్తకం వాడే తెరవడు, ఇంకెవరు తెరుస్తారు), కొంత మా అమ్మ నాటి వక్కాకుల సంచిలో. ఆ సంచి వదినె నడుముకు దోపుకుంది.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. పేరేదైనా, పరాయి ఊరన్న ధీమాతో ఆటో ఎక్కగానే వదినె హాజరు తీసుకుంది. బనీన్ల ఉన్నయా? ఉన్నయి. లెక్కల పుస్తకం ఏ బ్యాగుల పెట్టినవ్ర? నీలం దాంట్ల. వక్కాకుల సంచి నాతాన్నే ఉన్నది. పసుపు డబ్బ మీద మూత గట్టిగ పెట్టినమా? అంతా తెలుగులోనే, గొంతు కూడా తగ్గించకుండా.

కొంత దూరం పోయాక ఆటోవాలా అద్దంలో నుంచి చూసి అన్నాడు:

“ఏటమ్మా, మీది తెలంగాణేటి? సొమ్ములెక్కడెక్కడ ఎట్టుకున్నారో మొత్తం సెప్పేసినారు. నేను దొంగనైతే ఎతుక్కునే పని కూడా నేదు.”

ఆటోలో గాలి కూడా ఆడలేదు. అతని తాత శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో ప్రతి 100 మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. రహస్యాలు మాట్లాడుకోవడానికి మా వాళ్లు దేశం మొత్తం వెతికి సరైన చోటే ఎంచుకున్నారు. అతను మంచివాడు, ధైర్యం కూడా చెప్పాడు. “దొంగతనం సేసినోడు ఈడ ఎక్కడికి పోతాడమ్మా? ఓడైనా ఎక్కాల, ఇమానమైనా ఎక్కాల. రెండిట్లోనూ పేరు రాయించుకోవాల.” దిగేటప్పుడు అతను అడిగినంతా అన్న ఇచ్చేశాడు. చేతిలో ఎంతుందో విన్న మనిషితో బేరమాడే మొహం లేకపోయింది.

సెల్యులార్ జైలు చూడటానికి పోయాం. 1906 నాటికి కట్టడం పూర్తయిన ఏడు రెక్కల జైలు, ఇప్పుడు మిగిలినవి మూడు. అందరూ ఉరికంబం దగ్గరా, సావర్కర్ ఉన్న గది దగ్గరా నిలబడితే, కాక ఒక మామూలు గది తలుపు దగ్గర ఆగిపోయాడు. ఆ గడియ చూడాల్సిందే. తలుపుకున్న ఇనుప కడ్డీ తలుపు దాటి, పక్కగోడకు చేసిన గూటిలోకి పోతుంది. తాళం పడేది ఆ గూటిలో. లోపలున్నవాడు ఊచల్లో నుంచి చెయ్యి ఎంత చాపినా అక్కడికి అందదు. కాక లోపలికి పోయి తలుపు దగ్గరికి వేయించుకుని, భుజం దాకా చెయ్యి బయటికి పెట్టి గూటి కోసం తడిమాడు. అందలేదు. మా నిజామాబాదు ఖిల్లాలో కూడా జైలుండేది, నిజాం కాలంలో దాశరథిని పెట్టింది అందులోనే. ఆయన బొగ్గు ముక్కతో గోడల మీద పద్యాలు రాసేవారని మా ఊళ్లో గొప్పగా చెప్పుకుంటాం. ఆ మాటే అంటే కాకకు వినబడలేదు. ఆయన ఇంకా గూటిలోకే చూస్తున్నాడు. “గిసొంటి గడియ మన దర్వాజకు పెడితే ఎట్లుంటది?” బయటివాణ్ని ఆపే గడియ కాదది, లోపలివాణ్ని ఆపేదని అన్న చెప్పాడు. “గదేరా, నువ్వు లాకర్ అని బయలెల్లకుంట ఉంటవ్” అన్నాడు.

హావ్‌లాక్‌లో రాధానగర్ బీచి. ఆ దీవిని 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు. తెల్లటి ఇసుక, వెనక ఆకాశాన్ని అంటే చెట్లు, ముందు నీలం కూడా ఆకుపచ్చ కూడా కాని నీళ్లు. మొసళ్లున్నాయి జాగ్రత్త అని బోర్డు. వదినె బోర్డు పూర్తిగా చదివి, కాపలా గార్డును అడిగింది: “ఇక్కడ దొంగలేమన్న ఉంటరా?” హిందీలో అడిగిందిలెండి. లేరన్నాడు. వదినె నమ్మలేదు. మొసళ్ల మాట మాత్రం ఎత్తలేదు.

సంచి కాడ ఎవరుంటరు? మన విహారయాత్రలన్నీ ఈ ప్రశ్న చుట్టే తిరుగుతాయి. ఫోన్లు, చేతి గడియారాలు, తువ్వాళ్లు, హోటల్ తాళంచెవి, వక్కాకుల సంచి అన్నీ ఒకే పెద్ద సంచిలోకి చేరాయి. అంతా ఒక్కతాన పెట్టొద్దన్న కాక సూత్రం ఇసుకలో కలిసింది. వంతులు వేసుకుందామన్నారు. వంతుల్లో ఒక గమ్మత్తు ఉంది. మొదటి వంతు ఎవరిదైతే చివరి దాకా వాళ్లదే, ఎందుకంటే నీళ్లలోకి దిగినవాడికి వంతు గుర్తుండదు. మొదటి వంతు నాది.

ఫిర్యాదు చేయడం లేదు. సంచి కాడ కూర్చున్నవాడికి కనిపించేంత సముద్రం ఈతకొట్టేవాడికి కనపడదు. కాక అంచున నిలబడి ఉండటం నేనే చూశాను. మోకాళ్ల దాకా ధోవతి ఎత్తి పట్టుకుని, ఒక అల వస్తే వెనక్కి, పోతే ముందుకు. కాసేపటికి ధోవతి వదిలేశాడు. నడుము దాకా పోయి నిలబడి, వెనక్కి తిరిగి నా వైపు కాదు, సంచి వైపు చూసి చెయ్యి ఊపాడు.

బావ మాత్రం నీళ్ల జోలికి పోలేదు. వంగి ఏరుకుంటూనే ఉన్నాడు. గవ్వలు, శంఖాలు, తెల్లగా కొమ్మలు కొమ్మలుగా ఉన్న చచ్చిన పగడపు ముక్కలు. ఒక గవ్వ జేబులో నుంచి దిగి నడిచిపోయింది కూడా. ఖాళీ గవ్వ కనపడితే అందులో దూరి కాపురం పెట్టే ఎండ్రికాయ అది. ఇంటితో సహా ఎత్తుకుపోబోయిన వాడి వైపు కండ్లు నిక్కించి చూసి ఇసుకలోకి పోయింది.

తిరుగు ప్రయాణంలో పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం. 2023 జూలైలో ప్రారంభించిన కొత్త టెర్మినల్‌ను గవ్వ ఆకారంలో కట్టారు. ఆ గవ్వలోనే బావ గవ్వలు పట్టుబడ్డాయి. స్కానర్‌లో చూసి సీఐఎస్‌ఎఫ్ జవాను సూట్‌కేసు తెరవమన్నాడు. కాక చుట్టిన నైలాన్ తాడు విప్పడానికే వరుసలో అందరూ వేచి ఉండాల్సి వచ్చింది. కత్తెర చేతి సామానులో పట్టుకుపోనివ్వరని మా దగ్గర ఉంచుకోలేదు. లోపల లుంగీల మధ్య పగడపు ముక్కలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు పులితో సమానమైన రక్షణ. చచ్చినదైనా సరే, దీవి దాటించడం నేరం. బావ హిందీ, తెలుగు కలిపి వాదించాడు. చిన్నప్పుడు చెరుకు బండి వెనక ఉరికి గడ గుంజుకుంటే బోధన్‌లో ఎవ్వడూ ఏమనలేదన్నాడు. అది తనకు అనుకూలమైన వాదం కాదని ఆయనకు తోచలేదు. జవాను ముక్కలన్నీ తీసుకుని, ఇక ముందు ఇట్లా చేయొద్దని చెప్పి వదిలేశాడు. అంత దూరం ప్రయాణంలో మా అందరిలో దొంగతనం కింద పట్టుబడింది బావ ఒక్కడే.

అప్పుడే వదినె ఫోన్ మోగింది. పక్కింటామె, వీడియో కాల్. వదినె కట్ చేయబోయి ఎత్తేసింది.

“అక్కా, పరేషాన్ కాకు. దొంగలు కాదు, కోతులు. వంటింటి పైకిటికీకెల్లి దూరినయి. చప్పుడైతే తాళం తీసి పోయిన. పల్లీలు, బెల్లం అన్నీ ఆగమాగం చేసినయి. పసుపు డబ్బ కింద పడగొట్టినయి, ఇల్లంత పసుపే...”

వదినె మొహంలో రంగు పోయింది. కాక మెల్లగా పక్కకు జరిగి విమానాల పట్టిక చదవసాగాడు.

“ఏం పోలేదు లే. నేను ఊడ్చి మంచిగ కడిగి దాచిపెట్టిన” అంటూ ఆమె కెమెరా ముందు హారం ఎత్తి పట్టింది. పసుపు అంటిన ఆ చేతిలో హారం ఇంకా మెరుస్తోంది. “ఎప్పుడు చేయించినవక్కా గిది? నాలుగు తులాలుంటదా? మాకు ఒక్క మాటన్న చెప్పకపోతివి!”

నాలుగున్నర అని వదినె అనలేదు. ఏమీ అనలేదు. ఫోన్‌ను అన్న వైపు తిప్పింది. అన్న ఏం చెప్పాలో తెలియక బావ వైపు తిప్పాడు. పూల చొక్కా, చెడ్డీ, నెత్తిన తాటాకు టోపీ, చేతిలో తాడు చుట్ట.

“అయ్యో, ఏందన్నా గా వేషం?” అంది పక్కింటామె. “గిట్ల చెడ్డీ మీద దర్శనానికి రానిచ్చిండ్రా?”